గోల్ఫ్‌లో వచ్చే సీజన్‌కి 90 లోపు స్కోరు లక్ష్యంగా పెట్టుకోవచ్చా? మీ లక్ష్యాలేంటి?

మీరు రాసినదాన్ని బట్టి ఆట మొదలుపెట్టి రెండు వేసవులైంది, స్కోరు 100కి అటూ ఇటూ తిరుగుతోంది, ఈ ఏడాది ఒక్కసారైనా 90 లోపు కొట్టాలని ఉంది. నేనూ మిషిగన్‌లోనే, డెట్రాయిట్ శివార్లలో ఉంటాను. లక్ష్యం మంచిదే, పెట్టుకోండి. కాకపోతే ముందు ఆ 90 అనే అంకెని కాగితం మీద విప్పి చూసుకోండి, అది మనం అనుకున్నట్టు ఉండదు.

పార్ అంటే ఒక హోల్‌కి గానీ కోర్సు మొత్తానికి గానీ నిర్ణయించిన షాట్ల లెక్క, బోగీ అంటే హోల్‌లో దానికన్నా ఒకటి ఎక్కువ. పార్ 72 కోర్సులో పద్దెనిమిది హోల్స్‌లోనూ బోగీలు కొడితే సరిగ్గా 90. పదిహేడు బోగీలు, ఒక్క పార్ వస్తే 89. అంటే పార్ 4 హోల్‌లో రెండో షాట్‌కే గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఎక్కాల్సిన పని లేదు. మూడింటికి ఎక్కి రెండు పట్‌లలో (గ్రీన్ మీద బంతిని దొర్లించే షాట్లు) ముగిస్తే చాలు. బర్డీ (పార్ కన్నా ఒకటి తక్కువ) ఊసే అక్కర్లేదు. ఇప్పుడు 100 కొట్టిన ఒక మామూలు కార్డు చూద్దాం: మూడు పార్‌లు, ఆరు బోగీలు, అయిదు డబుల్ బోగీలు (పార్ కన్నా రెండు ఎక్కువ), నాలుగు ట్రిపుల్స్ (మూడు ఎక్కువ). ఆ నాలుగు ట్రిపుల్స్ బోగీలైతే స్కోరు 92కి దిగుతుంది. డబుల్స్‌లో ఇంకో మూడు కూడా బోగీలైతే 89. ఈ లెక్కలో కొత్తగా ఒక్క పార్ కూడా కలపలేదు, చూశారా? మనవాళ్లు మాత్రం 90 అనగానే కొత్త డ్రైవర్ (దూరం కొట్టే పెద్ద క్లబ్) కొనడానికి పరుగెడతారు.

కాబట్టి నా సలహా, నా సొంత లక్ష్యం కూడా, మంచి హోల్స్ పెంచుకోవడం కాదు, 7లూ 8లూ కార్డు మీదికి రాకుండా చూడడం. వినడానికి చప్పగా ఉంటుంది. శనివారం పొద్దున టీ బాక్స్ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడి ‘ఇవాళ బోగీ చాలు’ అనుకోవడానికి చాలా నిగ్రహం కావాలి.

నేను చేసే పని ఒకటి చెప్తాను. స్కోర్‌కార్డులో నాలుగు పేర్లకి వరసలుంటాయి కదా, మనం ముగ్గురమే వెళ్తే ఒకటి మిగులుతుంది. ఆ ఖాళీ వరసలో, డబుల్ గానీ అంతకన్నా ఎక్కువ గానీ వచ్చిన హోల్ కింద తెలుగులో ఒక అక్షరం వేస్తాను. బంతి నీళ్లలోకో కోర్సు హద్దు బయటికో పోయి పెనాల్టీ పడితే ‘పె’. గ్రీన్ పక్కన చిప్ (గ్రీన్ మీదికి వేసే చిన్న షాట్) తడబడితే ‘చి’. మూడు పట్‌లు వేస్తే ‘మూ’. చెట్ల మధ్యలోంచి హీరోలా గ్రీన్‌కే కొట్టబోయి మళ్లీ చెట్టుకే తగిలితే ‘హీ’. పక్కనున్న అమెరికన్ మిత్రులకి అదేదో రహస్య లిపిలా కనిపిస్తుంది. కిందటి సీజన్ కార్డులన్నీ ఒకచోట పెట్టి చూస్తే ‘పె’, ‘హీ’ కలిపి సగానికి పైగా ఉన్నాయి. ‘మూ’ నేననుకున్నంత లేదు. మీ కార్డులో వేరేలా ఉండొచ్చు. అది తెలియకుండా ప్రాక్టీస్ మొదలుపెడితే రేంజ్‌లో బకెట్ల కొద్దీ బంతులు ఖర్చవడమే మిగులుతుంది.

గ్రీన్‌కి దూరంగా కొట్టే షాట్లే ఎక్కువ ముంచుతాయన్నది నా ఒక్కడి అనుభవం కాదు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ ప్రొఫెషనల్స్, అమెచ్యూర్ల షాట్లు లక్షల్లో విశ్లేషించి, మంచి ఆటగాడికీ మామూలు ఆటగాడికీ ఉండే తేడాలో మూడింట రెండు వంతులు 100 గజాల అవతలి నుంచి కొట్టే షాట్లలోనే ఉందని తేల్చాడు. ‘అంతా పటింగ్‌లోనే ఉంది’ అని క్లబ్‌హౌస్‌లో చెప్పే పెద్దమనిషి మాట సగమే నిజం.

నేనెక్కువగా ఆడే కోర్సులో ఒక పార్ 5 ఉంది. కుడిపక్కన టీ దగ్గర్నుంచి సగం దాకా చెరువు, ఎడమన దట్టమైన చెట్లు. నా డ్రైవర్ స్లైస్ అవుతుంది, అంటే కుడికి వంగుతుంది. చెరువు దాని కోసమే తవ్వినట్టుంటుంది. ఆ హోల్‌లో ఇప్పుడు డ్రైవర్ తీయను. తక్కువ దూరం పోయే క్లబ్‌లే వాడతాను: హైబ్రిడ్‌తో 180 గజాలు, 7 ఐరన్‌తో 140, మళ్లీ 7 ఐరన్. ఇంకా గ్రీన్‌కి కొంచెం మిగులుతుంది, వెడ్జ్‌తో (దగ్గరి షాట్లకి వాడే క్లబ్) పైకి వేస్తే నాలుగు షాట్లు. రెండు పట్‌లు. ఆరు. బోగీ. టెస్టు మ్యాచ్‌లో కొత్త బంతిని ఆఫ్ స్టంప్ బయట వదిలేసినట్టు, ఎవరూ చప్పట్లు కొట్టరు, కానీ వికెట్ ఉంటుంది. పక్కవాడు డ్రైవర్‌తో 250 కొట్టబోయి, బంతి నీళ్లలో వేసి, పెనాల్టీతో డ్రాప్ తీసుకుని ఏడు స్కోరుతో బయటపడే రోజులే ఎక్కువ.

దీనికి ముందు తేల్చుకోవాల్సింది మీరు ఏ టీ నుంచి ఆడుతున్నారన్నది (ఒక్కో హోల్‌కి వేర్వేరు దూరాల్లో కొన్ని టీలుంటాయి). కోర్సుల కష్టాన్ని కొలిచేటప్పుడు యూఎస్‌జీఏ (అమెరికా గోల్ఫ్ సంఘం) మగవాళ్లలో ‘బోగీ గోల్ఫర్’ అని ఒక నమూనా ఆటగాణ్ణి పెట్టుకుంటుంది. అతను టీ షాట్ సుమారు 200 గజాలు కొడతాడు, 370 గజాల హోల్‌ని రెండు షాట్లలో అందుకోగలడు. మనం అటూ ఇటూగా అతనే. 420 గజాల పార్ 4లు వరసగా ఉండే టీ నుంచి ఆడితే ప్రతి హోల్‌కీ రెండో షాట్ ఫెయిర్‌వే వుడ్‌తోనే (నేల మీది నుంచి దూరం కొట్టే క్లబ్) కొట్టాలి, ‘పె’లూ ‘హీ’లూ అక్కడే పుడతాయి. ఒక టీ ముందుకి రండి. కోర్సు మొత్తం 5,800 గజాలుండే టీ నుంచి ఆడితే మగతనం ఏమీ తగ్గదు, సాయంత్రం మాత్రం హాయిగా ఉంటుంది.

ఇంకో సంగతి. 90 కన్నా హ్యాండిక్యాప్ ఇండెక్స్‌ని (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మంచిది) లక్ష్యంగా పెట్టుకోవడం నాకు ఎక్కువ నచ్చుతుంది. ఒక్క 89 ఏదో గాలి లేని ఆదివారం, తేలిక కోర్సులో, అదృష్టంతో కూడా వస్తుంది. ఇండెక్స్ అలా కాదు. చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 తీసి సగటు కడుతుంది, కోర్సు కష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఉదాహరణకి కోర్స్ రేటింగ్ (మంచి ఆటగాడికి అక్కడ వచ్చే స్కోరు) 71.2, స్లోప్ (మామూలు ఆటగాడికి అది ఎంత కష్టమో చెప్పే అంకె) 128 ఉన్న చోట 96 కొట్టారనుకోండి. 96లోంచి 71.2 తీసేస్తే 24.8. దాన్ని సాధారణ స్లోప్ అయిన 113తో గుణించి 128తో భాగిస్తే 21.9. ఆ రోజు మీ ఆట విలువ అది. అదే 96ని అదే రేటింగ్‌తో స్లోప్ 113 ఉన్న కోర్సులో కొడితే అంత మంచి లెక్క రాదు. మొదటి ఇండెక్స్ రావడానికి మొత్తం 54 హోల్స్ నమోదైతే చాలు. 2024 నుంచి తొమ్మిది హోల్స్ ఆడినా వెంటనే లెక్కలోకి వస్తోంది. చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లకి ఇంతకన్నా మంచి రూల్ లేదు. మిషిగన్‌లో స్కోర్లు నమోదు చేసే కాలం ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకానే. ఒంటరిగా ఆడిన రౌండ్ హ్యాండిక్యాప్‌కి పనికిరాదు, పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

ఇక్కడే మన తెలుగు బ్యాచ్‌ల గురించి కొంచెం కఠినంగా మాట్లాడాలి. మొదటి టీలో మల్లిగన్ (లెక్కలోకి రాకుండా ఇంకోసారి కొట్టడం) ఉచితం. నాలుగడుగుల పట్ ‘పర్లేదు తీసుకో బ్రో’ అని వదిలేస్తారు. పోయిన బంతికి పెనాల్టీ గుర్తుండదు. సరదాకి ఆడుకుంటే ఎవరికీ అభ్యంతరం లేదు, కానీ ఆ 89ని వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. మన తెలుగు మూలాలున్న ప్రొఫెషనల్ గోల్ఫర్ సాహిత్ తీగల 2024 టూర్ చాంపియన్‌షిప్‌లో బంకర్‌లో (ఇసుక గుంటలో) బ్యాక్‌స్వింగ్ తీస్తుండగా క్లబ్ ఇసుకకి తగిలిందని తనంతట తనే అధికారికి చెప్పి రెండు స్ట్రోక్‌ల పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానంలో నిలిచాడు. అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ సిరీస్ పీజీఏ టూర్‌లో ప్లేఆఫ్స్ ఆఖరి టోర్నమెంట్ అది, ఒక్కో స్థానానికి ఎంత డబ్బుంటుందో వేరే చెప్పాలా?

పటింగ్ గురించి పెద్దగా చెప్పను. టూర్ ప్రొఫెషనల్స్ కూడా 8 అడుగుల పట్‌లలో దాదాపు సగమే రంధ్రంలో వేస్తారు. మన డెట్రాయిట్ గోల్ఫ్ క్లబ్‌లోనే 2024 పీజీఏ టూర్ టోర్నమెంట్‌లో అక్షయ్ భాటియా ఆఖరి హోల్‌లో మూడు పట్‌లు వేసి టైటిల్ అవకాశం పోగొట్టుకున్నాడు, కామ్ డేవిస్ గెలిచాడు. కాబట్టి ఆరడుగుల పట్ తప్పిపోయిందని మిగతా హోల్స్ అంతా మొహం ముడుచుకోకండి. చలికాలం బేస్‌మెంట్‌లో మ్యాట్ మీద మూడడుగుల పట్‌లు వేస్తుంటాను, టీవీ చూస్తూ కూడా అయిపోతుంది. డ్రైవర్ మాత్రం బేస్‌మెంట్‌లో ఊపకండి, మా సీలింగ్ దానికి సాక్షి.

ఏప్రిల్‌లో తొందరపడి తీర్పులు ఇచ్చుకోవద్దు. మంచు కరిగిన నేల మెత్తగా ఉంటుంది, బంతి పడ్డచోటే బురదలో కూరుకుపోతుంది, దొర్లదు. చలిగాలిలో దూరం కూడా పోదు. పొద్దున గడ్డి మీద మంచు పేరుకుంటే అది కరిగేదాకా ఆట మొదలవ్వదు. గ్రీన్ల మీద రంధ్రాలు పొడిచి ఇసుక పోసి ఉంటారు, పట్ ఎగురుకుంటూ వెళ్తుంది. ఫెయిర్‌వే నిండా కెనడా బాతులు, వాటి పెంట. అలాంటి రోజున 104 వస్తే అది మీ ఆట కాదు, వాతావరణం. అసలు సీజన్ మే చివర్లో మొదలవుతుంది. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిది దాటాక గానీ సూర్యుడు అస్తమించడు. అయిదున్నరకి ఆఫీసు పని కట్టేసినా తొమ్మిది హోల్స్ నింపాదిగా ఆడొచ్చు.

నా సీజన్ కూడా ఆ సాయంత్రాల మీదే కట్టుకున్నాను. శనివారం పద్దెనిమిది హోల్స్ అంటే ప్రయాణంతో కలిపి ఆరు గంటలు, ఇంటికొచ్చేసరికి కిరాణా షాపుకి వెళ్లే టైమూ దాటిపోతుంది, మా ఆవిడ మౌనవ్రతం మొదలవుతుంది. వారం మధ్యలో తొమ్మిది హోల్స్‌కి ఆ సమస్య లేదు, ట్వైలైట్ (సాయంత్రం ఆట) రేటు కూడా తక్కువ. ఇప్పుడు నా ఇండెక్స్ 21 దగ్గర ఉంది, అక్టోబర్ చివరికి 18 లోపుకి దింపాలని ఉంది. ఒక రౌండ్ అంతా అసలు ‘పె’ లేకుండా ఆడాలని ఇంకో కోరిక. 90 ఎప్పుడొస్తుందో దాని మానాన అది వస్తుంది. మా అమ్మాయికి ఈ మధ్యే క్లబ్ పట్టుకోవడం వచ్చింది. వేసవిలో తనతో చిన్న పార్ 3 కోర్సు పూర్తి చేయాలి, అక్కడ స్కోరు రాసేది తనే. డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్లినప్పుడు గోల్కొండ నయా ఖిల్లాలో, కోట గోడల పక్కన ఉన్న కోర్సులో సభ్యుడైన మిత్రుడి అతిథిగా ఒక్క రౌండైనా ఆడాలని చాలా రోజులుగా ఉంది. మా అమ్మ దృష్టిలో ఇదింకా కర్రతో బంతిని పొడిచే పనే, ఆవిడనీ కార్ట్‌లో కూర్చోబెట్టి తిప్పే ఆలోచన ఉంది.

మీ విషయానికొస్తే, కిందటేడు కార్డులు దాచి ఉంటే ఒక్కసారి బయటికి తీయండి. ఏ టీ నుంచి ఆడారో, ఒక్కో రౌండ్‌లో 7, ఆ పైన ఎన్ని వచ్చాయో, వాటిలో పెనాల్టీలు ఎన్నో కింద కామెంట్‌లో రాయండి. డ్రైవర్ మార్చాలా, టీ మార్చాలా అన్నది అది చూస్తే చెప్పొచ్చు. నోవై, కాంటన్ వైపు ఉంటే కెన్సింగ్టన్ మెట్రోపార్క్ కోర్సులో మే నెలలో ఒక సాయంత్రం కలిసి ఆడదాం. మల్లిగన్లు ఉండవు మరి.