బోర్డు కొనేముందు దాని మాన్యువల్‌లో చిన్నక్షరాలు చదవండి

మీరు అడిగింది ఇది: రైజెన్ 5 7600 ప్రాసెసర్ ఖాయం చేసుకున్నారు. గేమ్స్ ఆడతారు, అప్పుడప్పుడు వీడియో ఎడిటింగ్ చేస్తారు. భాగాలన్నీ బిగించే మదర్‌బోర్డు దగ్గరకొచ్చేసరికి ఏ620, బీ650, బీ650ఈ, ఎక్స్670, ఎక్స్670ఈ, ఇవి చాలవన్నట్టు బీ850, ఎక్స్870 అని ఇన్ని చిప్‌సెట్ల (బోర్డు మీద పోర్టుల్ని నడిపే చిప్పుల) పేర్లు చూసి బుర్ర తిరిగింది. ఏది తీసుకోవాలి, ఖరీదైన బోర్డు వేస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందా అని.

ముందు రెండో దానికి జవాబు. పెరగదు. ఒకే ప్రాసెసర్, ఒకే ర్యామ్, ఒకే గ్రాఫిక్స్ కార్డు పెడితే, ఓ మాదిరి బీ650 మీదా, దానికి మూడింతలు ఖరీదున్న ఎక్స్670ఈ మీదా గేమ్‌లో మీ కంటికి తేడా తెలియదు. బోర్డుకి ఎక్కువ డబ్బు పెడితే వచ్చేవి వేరే: ఎక్కువ పోర్టులు, ఎక్కువ స్లాట్లు, ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం కాస్త గట్టిగా ఉండడం. వాటిలో మీకు పనికొచ్చేవి ఎన్ని అన్నదే లెక్క. ఈ లెక్క వేసుకోకుండా కొని నేను మూడు బిల్డుల్లో (విడిభాగాలు తెచ్చి సొంతంగా బిగించిన కంప్యూటర్లలో) మూడు రకాలుగా దెబ్బ తిన్నాను. కాబట్టి ఆ కథలే చెబుతాను, మీ మొదటి ప్రశ్నకి జవాబు వాటిలోంచే వస్తుంది.

మొదటిది 2017లో, ఇంటెల్ ఏడో తరం ప్రాసెసర్‌తో. బోర్డు మీద ఎం.2 స్లాట్ (సన్నటి ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డుకే బిగించేది) ఒకటి, సాటా పోర్టులు (డిస్కుల్ని కేబుల్‌తో కలిపేవి) ఆరు ఉన్నాయి. బాక్సు మీద కూడా అలాగే రాశారు, నేనూ అలాగే నమ్మాను. కొన్నాళ్లకి ఓ ఎం.2 ఎస్ఎస్‌డీ తెచ్చి బిగించి ఆన్ చేస్తే, అప్పటిదాకా పనిచేస్తున్న పాత హార్డ్ డిస్క్ మాయమైపోయింది. అందులో ఇంట్లోవాళ్ల ఫోటోలన్నీ ఉన్నాయి. కేబుల్ మార్చాను, కరెంటు వైరు మార్చాను, చెవి దగ్గర పెట్టుకుని తిరుగుతోందా లేదా అని విన్నాను. తిరుగుతోంది, కానీ బయోస్‌లో (ఆన్ చెయ్యగానే ముందుగా నడిచే బోర్డు సొంత ప్రోగ్రామ్‌లో) కనిపించదు. రెండు రోజులు తిండి సయించలేదు. చివరికి మాన్యువల్ తిరగేస్తుంటే సాటా పోర్టుల బొమ్మ కింద ఒక్క లైను కనిపించింది: ఎం.2 స్లాట్‌లో సాటా రకం డ్రైవ్ పెడితే ఫలానా సాటా పోర్టు పనిచేయదు. నా హార్డ్ డిస్క్ సరిగ్గా ఆ పోర్టులోనే ఉంది. పక్క పోర్టుకి మార్చగానే బతికింది.

తప్పు బోర్డుది కాదు. చిప్‌సెట్‌కి ఉండే దారులు లెక్కకి ఇన్నే అని ఉంటాయి. వాటినే లేన్లు అంటారు. తయారుచేసేవాళ్లు ఒకే దారికి రెండు గుమ్మాలు పెడతారు, ఒకటి తెరిస్తే రెండోది మూసుకుంటుంది. బాక్సు మీద మాత్రం రెండు గుమ్మాలూ లెక్కపెట్టి వేస్తారు. ఇప్పటి బోర్డుల్లోనూ ఇదే తంతు. మూడో ఎం.2 వాడితే రెండు సాటా పోర్టులు పోవచ్చు, లేదా కింది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ (గ్రాఫిక్స్ లాంటి కార్డులు గుచ్చేది) పోవచ్చు. ఏది పోతుందో ఒక్కో బోర్డుకి ఒక్కోలా ఉంటుంది. ఆ సంగతి మాన్యువల్‌లోనే దొరుకుతుంది, అదీ స్పెసిఫికేషన్ల పట్టిక అడుగున చిన్నక్షరాల్లో. కొనకముందే తయారీదారు సైట్‌లో ప్రతి బోర్డు మాన్యువల్ పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. నేనిప్పుడు రివ్యూ వీడియోల కంటే ముందు అది తెరుస్తాను.

మీ ప్రాసెసర్ సంగతే చూడండి. రైజెన్ 7000 వరసలో ప్రాసెసర్ నుంచి నేరుగా 28 లేన్లు వస్తాయి. 16 గ్రాఫిక్స్ కార్డుకి, 4 చిప్‌సెట్‌తో మాట్లాడుకోడానికి, మిగిలిన 8 ఎక్కువగా ఎం.2 స్లాట్లకి పోతాయి. చిప్‌సెట్‌కి తగిలించినవన్నీ, అంటే సాటా డ్రైవులు, నెట్‌వర్క్, చాలా యూఎస్‌బీ పోర్టులు, మిగతా ఎం.2లు, ఆ నాలుగు లేన్ల సందులోంచే రావాలి. ఆ లేన్లు పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0 వెర్షన్‌వి కాబట్టి సెకనుకి దాదాపు 8 గిగాబైట్లు, ఇంటి వాడకానికి ఎక్కువే. అయినా మీ ప్రధానమైన ఎస్ఎస్‌డీని ప్రాసెసర్‌కి నేరుగా కలిసే స్లాట్‌లోనే పెట్టండి. సాధారణంగా సాకెట్‌కి (ప్రాసెసర్ కూర్చునే చోటికి) దగ్గరగా, గ్రాఫిక్స్ స్లాట్ పైన ఉంటుంది. ఆ మాటా మాన్యువల్‌లో ఉంటుంది.

ఇప్పుడు ఆ పేర్ల గోల. ఎక్స్670 అంటే ఏదో మహా చిప్ అనుకోకండి. బీ650 మీద ఉండే చిప్‌నే రెండు వరసగా కలిపితే ఎక్స్670. అందుకే దానికి పోర్టులు ఎక్కువ, అంతే. పేరు చివర్లో ‘ఈ’ అన్న అక్షరం ఉంటే గ్రాఫిక్స్ స్లాట్‌కి పీసీఐ ఎక్స్‌ప్రెస్ 5.0 ఉంటుందని అర్థం. ఎక్స్870లో మళ్లీ ఒక్క చిప్పే, కాకపోతే యూఎస్‌బీ4 (వేగమైన కొత్త రకం యూఎస్‌బీ) తప్పనిసరి. ఏ620లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (మామూలు వేగం కంటే ఎక్కువ పరిగెత్తించడం) ఉండదు, ర్యామ్‌కి మాత్రం ఎక్స్‌పో ప్రొఫైల్ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు) పనిచేస్తుంది. మీ అవసరానికి బీ650 గానీ బీ850 గానీ సరిపోతుంది. రెండిట్లో ఆ రోజు ఏది తక్కువకి వస్తే అది. ఈ రకంలోనే పది బోర్డులుంటాయి, అసలు ఎంపిక అక్కడే.

రెండో కథ 2021లో. మా తమ్ముడికి రైజెన్ 5 5600ఎక్స్‌తో బిల్డ్ చేస్తూ బీ450 బోర్డు తీసుకున్నాను. సాకెట్ ఏఎం4, ప్రాసెసర్ ఏఎం4, సైట్‌లో సపోర్ట్ జాబితాలో పేరుంది. అంతా బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది. ర్యామ్ తీసి పెట్టాను, గ్రాఫిక్స్ కార్డు మార్చాను, బోర్డే పోయిందని తీర్మానించేశాను. తీరా చూస్తే, జాబితాలో ప్రాసెసర్ పేరు పక్కన ఇంకో గడి ఉంది: ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో అందులో రాసి ఉంటుంది. నా చేతికొచ్చింది అంతకుముందెప్పుడో తయారై గోడౌన్‌లో పడున్న బోర్డు. బయోస్ అప్‌డేట్ చెయ్యాలంటే కంప్యూటర్ ఆన్ కావాలి, ఆన్ కావాలంటే అప్‌డేట్ కావాలి. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కుదరదన్న సామెత ఇంత బాగా ఇంకెక్కడా అతకదు. ఓ స్నేహితుడి దగ్గర పాత రైజెన్ 5 2600 అరువు తెచ్చి, దాంతో ఆన్ చేసి, అప్‌డేట్ చేసి, మళ్లీ విప్పి దాన్ని తిరిగిచ్చాను.

అప్పట్నుంచీ బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ లేని బోర్డు వైపు నేను చూడను. పేరు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది, పని ఒకటే. ప్రాసెసర్ లేకుండానే, ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) కేబుళ్లు తగిలించి, కొత్త బయోస్ ఫైలున్న పెన్‌డ్రైవ్‌ని బోర్డు వెనక గుర్తు పెట్టిన యూఎస్‌బీ పోర్టులో గుచ్చి, బటన్ నొక్కి పట్టుకుంటే దానంతటదే ఎక్కించుకుంటుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ అయ్యుండాలి, ఫైలు పేరు మాన్యువల్‌లో చెప్పినట్టు మార్చాలి, లైటు మిణుకుమిణుకుమంటున్నంతసేపూ కరెంటు తియ్యకూడదు. మీ 7600కి ఇవాళ ఇది అక్కర్లేకపోవచ్చు. కానీ మూడేళ్ల తర్వాత అదే బోర్డులో కొత్త తరం ప్రాసెసర్ వేద్దామనుకుంటే, ఏదో తేడా వచ్చిన రోజున, ఈ బటనే మిమ్మల్ని గట్టెక్కిస్తుంది.

కొత్త ప్రాసెసర్ వేసుకునే వీలుందా అన్నది కూడా బోర్డు ఖరీదులో భాగమే. నా 2017 బోర్డు కొన్న ఏడాదే ఇంటెల్ ఎనిమిదో తరం వచ్చింది. సాకెట్ పేరు అదే ఎల్‌జీఏ 1151, ప్రాసెసర్ చక్కగా కూర్చుంటుంది కూడా, కానీ పాత బోర్డు మీద పనిచేయదు. అదే తమ్ముడి ఏఎం4 సాకెట్‌కైతే 2017లో మొదటి రైజెన్ వచ్చింది, 2022లో 5800ఎక్స్3డీ కూడా దానికే వచ్చింది. మీరు ఎంచుకున్న ఏఎం5 2022లో మొదలైంది, 7000 వరస బోర్డుల్లోనే 9000 వరస కూడా బయోస్ అప్‌డేట్‌తో నడుస్తోంది. ఈ విషయంలో మీ ఎంపిక మంచిదే.

ఇక కరెంటు అందించే భాగం, వీఆర్ఎం అంటారు. ఎస్ఎంపీఎస్ బోర్డుకి 12 వోల్టులు ఇస్తుంది. ప్రాసెసర్‌కి కావాల్సింది ఒకటి పైచిలుకు వోల్టు. ఆ తగ్గింపు పని వీఆర్ఎందే, ఆ పనిలో అది వేడెక్కుతుంది. మరీ వేడెక్కితే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. అంటే ఖరీదైన బోర్డు వేగం పెంచదు గానీ, నాసిరకం బోర్డు వేగం తగ్గించగలదు. 7600 గరిష్ఠంగా తీసుకునేది 88 వాట్లు. 7950ఎక్స్ అయితే 230 వాట్ల దాకా పోతుంది. మీకు మధ్యరకం వీఆర్ఎం చాలు, సాకెట్‌కి రెండువైపులా వేడిని లాగే లోహపు హీట్‌సింక్ ఉందో లేదో చూసుకోండి. ఫేజులు (వీఆర్ఎంలో పని పంచుకునే విభాగాలు) 14 అనీ 16 అనీ గొప్పలు పోయే ప్రకటనల్ని పట్టించుకోకండి, పైన పటారం లోన లొటారంగా ఉన్నవీ ఉంటాయి. ఆ ఒక్క విషయానికి మాత్రం రివ్యూలు చూడండి, ఉష్ణోగ్రత కొలిచి చూపించేవి.

మూడోది 2023లో, నా ఇప్పటి మెషీన్. రైజెన్ 7 7700, బీ650 బోర్డు, 16 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, 6000 వేగానివి. మొదటిసారి ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఏమీ రాలేదు. తమ్ముడి బిల్డ్ గుర్తొచ్చి గుండె జారిపోయింది. స్విచ్ ఆఫ్ చేద్దామనుకుంటుండగా బోర్డు మీద డీర్యామ్ అన్న చిన్న లైటు వెలుగుతోందని గమనించాను. డీడీఆర్5 రకం ర్యామ్ మొదటిసారి తన వేగాన్ని తనే సరిచూసుకుంటుంది, దానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. కాఫీ పెట్టుకుని వచ్చేసరికి బయోస్ తెర కనిపించింది. ఈ లైట్లు నాలుగుంటాయి: సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్. ఎక్కడ ఆగిందో చెబుతాయి. రంగురంగుల ఆర్‌జీబీ లేకపోయినా ఫరవాలేదు, ఈ నాలుగు లైట్లున్న బోర్డు తీసుకోండి.

అసలు తప్పు తర్వాత చేశాను. స్లాట్లు నాలుగున్నాయి కదా, రెండు ఖాళీగా ఎందుకని అవే స్టిక్కులు ఇంకో రెండు కొని పెట్టాను. 64 జీబీ అయింది, వేగం 3600కి పడిపోయింది. 6000కి పెడితే అసలు లేవదు. ఏఎండీ తన స్పెసిఫికేషన్‌లోనే చెప్పింది: 7000 వరసలో రెండు స్టిక్కులకి 5200, నాలుగు పెడితే 3600. అంతకుమించి వస్తే మన అదృష్టం. కాబట్టి నాలుగు స్లాట్లున్న బోర్డు కోసం ఎక్కువ ఖర్చు పెట్టకండి. మొదట్లోనే సరిపడా ర్యామ్ రెండు స్టిక్కులుగా కొనండి, వీడియో ఎడిటింగ్ ఉంది కాబట్టి 16 జీబీవి రెండు. నాలుగు స్లాట్ల బోర్డే తీసుకుంటే, ప్రాసెసర్ వైపు నుంచి రెండోదీ నాలుగోదీ వాడండి. ఆ తర్వాత బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో ఆన్ చెయ్యడం మర్చిపోకండి. చెయ్యకపోతే 6000 స్టిక్కులు సాధారణంగా 4800 దగ్గరే కునికిపాట్లు పడుతుంటాయి. నెలల తరబడి అలాగే వాడేసినవాళ్లు నాకు తెలుసు.

సైజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఏటీఎక్స్ 305 గుణకం 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 చదరం, మినీ ఐటీఎక్స్ 170 చదరం. మీ క్యాబినెట్‌లో ఏది సరిపోతే అది. మొదటి బిల్డుకి మినీ ఐటీఎక్స్ వద్దు, చేతులు పట్టవు. ఒక్క ప్లాస్టిక్ క్లిప్ కోసం అరగంట పోరాడాల్సి వస్తుంది.

కొనే ముందు మీరు చెయ్యాల్సిన పని ఇంకోటి ఉంది. ఇప్పుడు మీ దగ్గరున్నవీ, రేపు కొనబోయేవీ అన్నీ ఓ కాగితం మీద రాసుకోండి: కీబోర్డు, మౌస్, ప్రింటర్, వెబ్‌క్యామ్, హెడ్‌సెట్, బయటి హార్డ్ డిస్కులు. వెనకవైపు యూఎస్‌బీ పోర్టులు వాటికి చాలతాయా చూడండి. క్యాబినెట్ ముందువైపు టైప్‌-సీ పోర్టు ఉంటే, దాని కేబుల్ తగిలించే హెడర్ బోర్డు మీద ఉందో లేదో చూడండి. చవక బోర్డుల్లో చాలాసార్లు ఉండదు, నా క్యాబినెట్‌లో ఆ కేబుల్ ఇప్పటికీ ఊరికే వేలాడుతోంది. వైఫై కావాలంటే బోర్డుతోనే వచ్చేది తీసుకోండి. తర్వాత కార్డు పెట్టుకుంటానంటే, గ్రాఫిక్స్ కార్డు కింద ఆ చిన్న స్లాట్ బతికుంటుందో లేదో బోర్డు ఫోటో చూసి అంచనా వెయ్యండి. ఇప్పటి గ్రాఫిక్స్ కార్డులు రెండు మూడు స్లాట్ల మందం ఉంటాయి, పక్కనున్న స్లాట్ల మీద పడుకునేస్తాయి.

బోర్డు వచ్చాక ఒక జాగ్రత్త. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కి ఉండేవి, ఏఎం5లో బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, 1718. వేలు తగిలినా, ప్రాసెసర్ జారిపడినా వంగిపోతాయి, వంగిన పిన్నులకి వారంటీ సాధారణంగా ఇవ్వరు. సాకెట్ మీద నల్లటి ప్లాస్టిక్ మూత ఒకటి ఉంటుంది. ప్రాసెసర్ కూర్చోబెట్టి లివర్ నొక్కగానే అది దానంతటదే ఎగిరి వస్తుంది, కంగారు పడకండి. దాన్ని పారెయ్యకుండా బోర్డు బాక్సులోనే దాచండి. ఎప్పుడైనా బోర్డు సర్వీసుకి పంపాల్సి వస్తే మొదట అడిగేది అదే.