వెళ్ళిపోయే ఆలోచన ఉన్నప్పుడు పర్మనెంట్ ఉద్యోగానికి ఒప్పుకోవచ్చా?

బెంగళూరులో కాంట్రాక్ట్ మీద చేస్తున్నారు, ఇప్పుడు కంపెనీ పర్మనెంట్ చేస్తానంటోంది, మీకేమో వచ్చే అక్టోబరుకి మాస్టర్స్ కోసం జర్మనీ వెళ్ళాలని ఉంది. ఒప్పుకుంటే మోసం చేసినట్టవుతుందా అని అడిగారు.

ఒప్పుకోండి. ఇంకా సీటు రాలేదు, వీసా రాలేదు, ఇంట్లో లోన్ సంగతి తేలలేదు. ఇవేవీ కాకముందే చేతికొచ్చిన ఉద్యోగం ఎందుకు వదులుకోవడం? అవసరం తీరితే మిమ్మల్ని పంపించెయ్యడానికి కంపెనీ ఇంత ఆలోచించదు. కాకపోతే, 2018 డిసెంబరులో బెల్లందూరులో నేనూ ఇలాగే సంతకం పెట్టి రెండు చోట్ల దెబ్బతిన్నాను. ఒకటి డబ్బు విషయంలో, ఇంకొకటి మా టీమ్ లీడ్ దగ్గర.

జాయినింగ్ బోనస్ లక్ష రూపాయలని చూసి మురిసిపోయాను. ఏడాదిలోపు మానేస్తే తిరిగివ్వాలని నాలుగో పేజీలో ఉంది. చదివాను కూడా, ఇచ్చేద్దాంలే అనుకున్నాను. జనవరి జీతంతో బోనస్ పడింది. 20 శాతం పన్ను, దానిమీద సెస్సు కలిపి ₹20,800 కోసుకోగా చేతికొచ్చింది ₹79,200. ఆగస్టు చివర్లో మానేస్తే ఫైనల్ సెటిల్‌మెంట్‌లో పట్టుకున్నది మాత్రం పూర్తి లక్ష! అప్పటికి మార్చి దాటిపోయింది, ఆ ఏడాది పన్ను లెక్క చూపించే ఫారం 16 కూడా ఇచ్చేశారు. నేను కళ్ళజూడని ఇరవై వేలు ఎదురు కట్టినట్టయింది. తిరిగివ్వాల్సింది చేతికొచ్చినంతేనా, పన్ను కొయ్యకముందు మొత్తమా అని హెచ్ఆర్‌ని మెయిల్‌లోనే అడగండి. బోనస్ వద్దు, జీతంలోనే కొంత కలపండి అని అడిగినా తప్పులేదు.

తర్వాత నోటీసు పీరియడ్, అంటే రాజీనామా ఇచ్చాక ఇంకా పనిచెయ్యాల్సిన రోజులు. కాంట్రాక్ట్‌లో నాకు 30 రోజులు, పర్మనెంట్ అయ్యాక 90. సెప్టెంబరులో విమానం ఎక్కాలంటే జూన్ మొదటి వారంలోనే రాజీనామా ఇవ్వాలి. వీసా వచ్చింది జులై చివర్లో. ఆ ఏడు వారాలూ మారతహళ్ళి పీజీలో రాత్రి రెండింటికి లేచి మెయిల్ చూసుకునేవాణ్ణి. వీసా రాకపోతే అదీ పోయి ఇదీ పోయి కూర్చోవాలి. మిగిలిన రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్ళే వీలుందా, దానికి మేనేజర్ ఒప్పుకోవాలా అన్నది ఇప్పుడే చూసుకోండి.

ఇన్నేళ్ళు మానను, మానేస్తే డబ్బు కడతాను అని బాండ్ రాసిమ్మంటే మాత్రం తొందరపడొద్దు. 'కోర్టులో నిలబడదు, పెట్టెయ్ సంతకం' అని మనవాళ్ళు తేలిగ్గా చెబుతారు. 3 ఏళ్ళలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు కేసు, ప్రతి ప్రైవేటు బాండూ అలాగే నిలబడుతుందని కాదు. కానీ వీసా పనుల మధ్య లాయర్ నోటీసు వస్తే ఆ టెన్షన్ పడేది మీరే. పీఎఫ్ గురించి బెంగ వద్దు. 5 ఏళ్ళ సర్వీసు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది, అంతే.

ఇక మా లీడ్. కడప ఆవిడ, అక్కా అనేవాణ్ణి. ఫిబ్రవరిలో ఓ సాయంత్రం కింద టీ బండి దగ్గర అడిగింది: "ఏప్రిల్ నుంచి ఆరు నెలలు నేనుండను. రిలీజులన్నీ నీకప్పజెబుతా, నువ్వుంటావు కదా?" ఆ నెలలోనే రెండు యూనివర్సిటీలకు అప్లై చేసున్నాను. చేతిలో గ్లాసు తిప్పుకుంటూ "ఉంటానక్కా" అన్నాను. జూన్‌లో నేను రాజీనామా ఇచ్చేసరికి ఆమెకు ఆరు వారాల బాబు. లీవులో ఉన్న మనిషికి ఆఫీసు నుంచి రోజూ కాల్స్. ఓసారి నేనే ఏదో డౌటు అడగడానికి ఫోన్ చేస్తే వెనక బాబు ఏడుస్తున్నాడు. తిట్టలేదు. "ముందే చెప్పుంటే ఇంకొకర్ని తయారుచేసేదాన్ని కదరా" అంది.

కాబట్టి హెచ్ఆర్‌కి మీ ఆలోచనలన్నీ మీ అంతట మీరు చెప్పక్కర్లేదు. కానీ మీతో పనిచేసే మనిషి మిమ్మల్ని నమ్ముకుని తన సెలవో, ప్రసవమో ప్లాన్ చేసుకుంటూ సూటిగా అడిగితే "చదువుకి అప్లై చేస్తున్నాను, వస్తుందో రాదో తెలీదు, నాతోపాటు ఇంకొకరికి కూడా పని నేర్పించండి" అనండి. ఆ మాట హెచ్ఆర్ చెవిన పడొచ్చు. పడినా సరే.