ముందు ఇళ్ళ పుస్తకం రాయించండి

ప్రియమైన పాస్టర్ గారికి, ప్రభువు నామమున వందనములు.

మందిరం తరఫున ఊరికి అక్కరకు వచ్చే పని మొదలుపెట్టాలని ఉందని రాశారు. గోదావరి లంకల నడుమ ఉన్న సంఘం ముందుగా వరదకు సిద్ధపడాలి. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 వద్ద రెండవది, 17.75 వద్ద మూడవది ఇస్తారు. మూడవది వచ్చాక పడవ కోసం వెతికే కన్నా, మొదటి హెచ్చరిక నాడే మంచం పట్టిన వృద్ధులను, నెలలు నిండిన గర్భిణులను గట్టు దాటించాలి. అందుకోసం ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరు ఏ మందులు వాడుతున్నారో జూన్‌లోనే ఇంటింటికీ తిరిగి ఒక పుస్తకంలో రాయించండి. ఆ పని స్త్రీల సమాజానికి అప్పగించండి. ఏ ఇంట పొయ్యి వెలగలేదో వారికి తెలిసినట్లు మనకు తెలియదు.

ఆ పుస్తకంలో ఊరంతా ఉండాలి, సంఘ సభ్యులు మాత్రమే కాదు. 1986 ఆగస్టు వరదలో మా మందిరంలో బియ్యం పంచినప్పుడు, సంఘ రిజిస్టరులో పేరున్నవారినే ముందు పిలిచాము. వరుస చివర నిలబడిన మత్స్యకార కుటుంబాల వంతు వచ్చేసరికి బస్తాలు ఖాళీ అయ్యాయి. ఆ బియ్యం వచ్చింది వారి పడవల మీదే. ఆనాడు వరుస నడిపింది నేనే కనుక ఆ బాధ నన్ను ఇంకా వదలలేదు. యెరూషలేము సంఘంలోనూ అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూశారని సణుగు పుట్టినప్పుడు, శిష్యులు ఏర్పరచుకున్న మంచిపేరు గల ఏడుగురిని అపొస్తలులు ఆ పనికి నియమించారు గదా. మీరు కూడా పంపకాన్ని అందరూ నమ్మే నలుగురికి అప్పగించి, డబ్బు పెట్టె మీ దగ్గర ఉంచుకోకుండా, జమాఖర్చులు ప్రతి నెలా ఆరాధన తరువాత చదివించండి. బియ్యం తీసుకున్నవారిని కూడికకు రమ్మని అడగనే వద్దు.

వరద తీసిన తరువాత కాచిన నీళ్ళు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, బ్లీచింగ్ పొడి బియ్యం కన్నా ముందు కావాలి. పాము కాటు వేసిందని ఎవరైనా మీ దగ్గరకు తీసుకొస్తే వెంటనే 108కి ఫోను చేయించండి. ప్రార్థన దారిలో చేయవచ్చు.

వరద లేని నెలల్లోనూ ఆ పుస్తకం పనికివస్తుంది. తల్లి కువైట్‌లో ఉండగా అమ్మమ్మ పెంచుతున్న పిల్లలు ఏ ఇళ్ళలో ఉన్నారో అందులో కనబడుతుంది. వారికి సాయంత్రం చదువు చెప్పడానికి మందిరం వరండా, ఇద్దరు డిగ్రీ పిల్లలు చాలు. కొత్తగా ప్రయాణమయ్యే ఆడబిడ్డల పాస్‌పోర్టు, వీసా నకళ్ళు ఇంట్లో ఒకటి, మీ దగ్గర ఒకటి ఉంచమనండి.

ఈ ఆదివారమే పడవలున్న ఇళ్ళకు వెళ్ళి, హెచ్చరిక నాడు ఎవరు ఏ వీధికి రాగలరో మాట్లాడి రండి.

మీ క్షేమం కోరే,
ఒక సంఘ పెద్ద