గేమ్ ఆడితే సిస్టమ్ ఆగిపోతోంది, షాపువాళ్లు ‘ఎండలకి అంతే’ అంటున్నారు. కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది నల్లకుంట. సికింద్రాబాద్‌లో ఒక షాపులో మా అబ్బాయికి గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేయించాను. లక్షా పదిహేను వేలు అయింది, బిల్లు నా పేరు మీద ఉంది. గ్రాఫిక్స్ కార్డుకి మూడేళ్ల వారంటీ. ఏడు నెలలు తిరక్కుండానే, గేమ్ మొదలుపెట్టిన పావుగంటకి స్క్రీన్ నల్లబడి సిస్టమ్ రీస్టార్ట్ అవుతోంది. షాపులో అడిగితే “హైదరాబాద్ ఎండలు, రూములో ఏసీ లేదు, ఓవర్‌హీట్‌కి వారంటీ రాదు” అంటున్నారు. సర్వీస్ సెంటర్‌వాళ్లు కార్డు చూసి ‘లోపం లేదు’ అని రాసి తిప్పి పంపారు. బిల్లు మీదేమో ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ముద్ర. అబ్బాయి అప్పుడప్పుడు డబ్బులకి వీడియోలు ఎడిట్ చేస్తుంటాడు, అది అడ్డొస్తుందా?

జవాబు: నిలుస్తుంది. కాకపోతే నోటీసు ఇచ్చే ముందు ఒక పని చేయాలి. లోపం కార్డులో ఉందా, షాపువాళ్లు బిగించిన తీరులో ఉందా అన్నది మీకు తెలియాలి, ఎందుకంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో మొదటిది వస్తువులో లోపం, రెండోది సేవలో లోపం. అది తేలకుండా వెళితే షాపువాళ్లు కంపెనీని చూపిస్తారు, కంపెనీవాళ్లు షాపుని చూపిస్తారు, మీరు మధ్యలో తిరుగుతూ ఉంటారు.

ముందు ఆ ‘ఓవర్‌హీట్’ మాట సంగతి చూద్దాం. వాళ్లే కేబినెట్ ఎంచి, వాళ్లే ఫ్యాన్లు పెట్టి, వాళ్లే పవర్ సప్లై వేసి, గేమింగ్ పీసీ అని హైదరాబాద్‌లో ఒక ఇంటికి అమ్మారు. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటుతుందని వాళ్లకి తెలియంది కాదు, ఏసీ గదిలోనే వాడాలని బిల్లు మీద రాసివ్వనూ లేదు. గాలి ఆడని పెట్టెలో వేడి కార్డు బిగించినా, కార్డు లాగే కరెంటుకి చాలని పవర్ సప్లై వేసినా అది వాళ్ల పనిలో లోపమే. కాబట్టి వేడెక్కిందని వాళ్లు నోటితో అన్నా, వాట్సాప్‌లో రాసినా దాన్ని దాచుకోండి, అది మీకే పనికొస్తుంది.

మీ అబ్బాయి చేత ఈ పరీక్ష చేయించండి. టెంపరేచర్ చూపించే సాఫ్ట్‌వేర్ ఏదైనా పెట్టుకుని, ఆ అంకె స్క్రీన్ మూల కనిపించేలా గేమ్ నడపమనండి. ఒకసారి కేబినెట్ మామూలుగా మూసి, ఇంకోసారి సైడ్ ప్యానెల్ తీసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టి. మూసినప్పుడు 90 డిగ్రీలకి దగ్గరగా పోయి ఆగిపోయి, తెరిచినప్పుడు బాగానే ఆడితే అనుమానం గాలి ఆడని కేబినెట్ మీదికి, అంటే అసెంబ్లీ మీదికి వెళుతుంది. 65, 70 దగ్గరే రీస్టార్ట్ అయితే కార్డో పవర్ సప్లైయో చూడాలి. వేరే మంచి పవర్ సప్లై ఎవరి దగ్గరైనా దొరికితే పెట్టి చూస్తే ఇంకా తేటపడుతుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో (సిస్టమ్‌లో వచ్చిన తేడాలు నమోదయ్యే చోటు) క్రాష్ అయిన టైముకి 4101 అనే నంబరు కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ స్పందించడం ఆగి మళ్లీ కోలుకుందని అర్థం. 41 మాత్రం కారణం చెప్పదు, సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే. ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం) లాంటివి చేసి ఉంటే ముందే తీసేయమనండి, దుమ్ము దులపండి, డ్రైవర్ కొత్తగా వేయండి. “మీరే పాడుచేశారు” అనడానికి చోటు ఇవ్వకూడదు. కార్డు స్క్రూలు మాత్రం విప్పొద్దు, వారంటీ స్టిక్కర్ చిరిగితే వాదన అంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇదంతా ఫోన్‌లో కట్ లేకుండా ఒకే వీడియోగా తీయండి: బిల్లు, కార్డు మీది సీరియల్ నంబరు, గేమ్, టెంపరేచర్, క్రాష్, ఆ వెంటనే ఈవెంట్ వ్యూయర్. దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ (వీడియో లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జత చేస్తే అవతలివాళ్లు అభ్యంతరం లేవనెత్తడం కష్టం.

సర్వీస్ సెంటర్ కాగితం చూసి టెన్షన్ పడకండి. ఏ పరీక్ష పెట్టారు, ఎంతసేపు నడిపారు, టెంపరేచర్ ఎంత వచ్చింది అని మెయిల్‌లో అడగండి. పావుగంట దాటాక వచ్చే రోగాన్ని ఐదు నిమిషాలు చూసి లేదంటే వినియోగదారుల కమిషన్ ముందు ఆ కాగితానికి విలువ ఏముంటుంది? ఇంకోసారి ఇస్తే జాబ్ షీట్‌లో ‘డిస్‌ప్లే ప్రాబ్లం’ అని రాయనివ్వకండి, ‘గేమ్ మొదలైన 15 నిమిషాలకి స్క్రీన్ నల్లబడి రీస్టార్ట్’ అని రాయించండి. మామూలుగా చూసి తేల్చలేని లోపమైతే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషనే ల్యాబ్‌కి పంపగలదు, ఆ ఫీజు మొదట మీరే కట్టాల్సి రావచ్చు.

బిల్లు మీది ముద్రకి భయపడనక్కర్లేదు. లోపమున్న వస్తువుకి అది రక్షణ కాదు, అలాంటి వస్తువు వెనక్కి తీసుకోనని మొండికేయడం చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి. మీ అబ్బాయి సంపాదన కూడా అడ్డు కాదు. లాభం కోసం వ్యాపారంగా కొన్నవాళ్లనే చట్టం బయట పెడుతుంది, స్వయం ఉపాధికి వాడుకునేవాళ్లని కాదు. కొన్నవారి అనుమతితో వాడేవారూ వినియోగదారులే కాబట్టి ఫిర్యాదు మీరు వేసినా, మేజరైతే అతను వేసినా చెల్లుతుంది. గేమ్స్ కోసం కేసేమిటని అనుకుంటారేమోనని సంకోచించకండి, గేమింగ్ పీసీ అని అమ్మింది వాళ్లే.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, చాలా కంపెనీలు అక్కడే దిగొస్తాయి. తర్వాత షాపుకీ కంపెనీకీ ఇద్దరికీ పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు. కదలకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టి వేయండి, మీరుండే చోటే వేసుకోవచ్చు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. రిపేరు, మార్పిడి, డబ్బు వాపసు, పరిహారం అన్నీ అడగండి. ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది. లోపం బయటపడినప్పటి నుంచి రెండేళ్లే గడువు, “రేపు రండి” అంటూ షాపువాళ్లు తిప్పుకున్న రోజులు కూడా అందులోనే పోతాయి.