తల ఊపితే అర్థమైనట్టు కాదు

లలితా,

పిల్లల వార్డులో డ్యూటీ పడిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సూదులు, సెలైన్ల సంగతి నీకు కొత్తేమీ కాదు. నేను చెప్పదలచుకున్నది పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూరు, జైనూరు, ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చే గోండు, కొలాం గిరిజన కుటుంబాల గురించి. 34 ఏళ్లు ఈ హైదరాబాదులో నర్సుగా చేసి, ఒక పిల్లవాడు బాధపడ్డాక నేర్చుకున్న మాట ఇది.

వాడికి ఎనిమిదేళ్లు, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు. మర్నాడు కడుపు స్కానింగ్ ఉంది. "రాత్రి నుంచి ఏమీ పెట్టకమ్మా, పరగడుపున ఉంచు" అని తల్లికి చెప్పాను. ఆమె తల ఊపింది. నేను పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను. స్కానింగ్ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అంతసేపూ ఆమె బిడ్డకు గుక్కెడు నీళ్లు కూడా పట్టలేదు. ఒంట్లో నీరు తగ్గితే ఆ జబ్బున్నవాళ్ల ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని నాళాల్లో ఇరుక్కుంటాయని నాకు తెలుసు. ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి కాళ్లూ వెన్నూ పట్టేసి పిల్లవాడు అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. "అలా ఎందుకు చేశావు?" అని ఆమెనే గద్దించాను. తప్పు నాది.

అందుకే ఏదైనా చెప్పాక "ఇప్పుడు ఏం చేస్తావో నాకు చెప్పమ్మా" అని అడుగు. ఆమె మాటల్లో విన్నాకే కదులు. తెలుగు రాకపోతే తెలిసినవాళ్లను వెతుకు. చుట్టుపక్కల మంచాల దగ్గర రెండు భాషలూ వచ్చినవాళ్లు ఒకరైనా ఉంటారు. నువ్వూ నాలుగు మాటలు నేర్చుకో. గోండీలో నీళ్లను "ఏర్" అంటారు. మన ఏరు గుర్తొస్తుంది కదా? "రామ్ రామ్" అని పలకరించి చూడు, ఆ ముఖంలో భయం ఎంత తగ్గుతుందో.

ఆలస్యంగా తెచ్చారని మాత్రం తిట్టకు. ప్రభుత్వ లెక్క ప్రకారం మైదానంలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఏజెన్సీలో 20,000 మందికి ఒకటి. కాగితం మీద ఏజెన్సీకే మేలు చేసినట్టు కనిపిస్తుంది. ఆ 20,000 మంది ఎన్ని గుట్టలకు చెదిరి ఉన్నారో, వానాకాలంలో ఎన్ని వాగులు దాటాలో ఆ లెక్కలో ఉండదు. అక్కడి నుంచి జూబ్లీ బస్ స్టేషన్‌కు చేరేసరికి సుమారు 300 కిలోమీటర్లు. కూలీ పోతుంది, ఇంట్లో మిగిలిన పిల్లలను ఎవరో చూసుకోవాలి. ఇవన్నీ దాటి నీ ముందు నిలబడిన మనిషికి మొదట దక్కేది తిట్టు కాకూడదు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది, మంచిదే. కానీ మడావి, ఆత్రం లాంటి ఇంటి పేర్లు ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో మరోలా ఉంటాయి. చేర్చుకున్న రోజే రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్య మిత్రకు వెంటనే చెప్పు. డిశ్చార్జి నాడు బయటపడితే ఆ కుటుంబం ఇంకో రెండు రాత్రులు వరండాలో పడుకోవాలి.

నొప్పి అని ఏడ్చే సికిల్ సెల్ పిల్లవాడిని "నటిస్తున్నాడు" అని ఎవరైనా అంటే ఊరుకోకు. పెద్ద డాక్టరైనా సరే, మర్యాదగా, గట్టిగా చెప్పు. ఆ నొప్పి పైకి కనిపించదు, వాపు కూడా ఉండకపోవచ్చు. జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 2023 జులై 1న మొదలైంది, 40 ఏళ్ల లోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష అయిందో లేదో తల్లిని అడుగు. హైడ్రాక్సీయూరియా రాస్తే అది రోజూ వేసుకోవలసిన మందు. నొప్పి తగ్గగానే ఆపేయకూడదని కూడా ఆమె నోటితోనే చెప్పించు. మళ్లీ ఎప్పుడు రావాలో తేదీతో పాటు వారం కూడా రాయి, వాళ్ల సంత రోజుతో కలిపి చెబితే ఇంకా గుర్తుంటుంది.

నేను రాసుకున్న గోండీ మాటల పుస్తకం బీరువాలో ఉంది. అట్ట ఊడింది కానీ లోపల బాగానే ఉంది. ఆదివారం వచ్చి తీసుకువెళ్లు.

మీ పెద్దమ్మ