దేవుని చిత్తాన్ని పరీక్షించవచ్చా?

సందేహం: మా ఇంట్లో గోడ క్యాలెండరు మీద బైబిలులోని రోమా పత్రిక (రోమాలోని విశ్వాసులకు పౌలు రాసిన లేఖ) 12వ అధ్యాయం 2వ వచనం ఉంది: "మీరు ఈ లోక మర్యాదను అనుసరింపక, ఉత్తమమును, అనుకూలమును, సంపూర్ణమునైయున్న దేవుని చిత్తమేదో పరీక్షించి తెలిసికొనునట్లు మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి." మర్యాద మంచిదే కదా, ఎందుకు వద్దన్నారు? గ్రూప్స్ పరీక్ష తప్పినా, వచ్చిన సంబంధం తప్పిపోయినా మావాళ్లు "దేవుని చిత్తం" అని ఊరుకుంటారు. జరిగేదంతా చిత్తమే అయితే దాన్ని పరీక్షించడమేమిటి? దేవుణ్ణి శోధించకూడదని కూడా చదివాను. "చిత్తం" బదులు "సంకల్పం" అంటే ఈ చిక్కు తీరుతుందా? పెళ్లి పత్రికల్లో "చిత్తాను సారముగా" అని వేస్తున్నారు, ఒప్పేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: ఈ వాక్యాన్ని చివరి నుంచి వెనక్కి చదవండి. తెలుగులో సమాపక క్రియ చివర కూర్చుంటుంది కాబట్టి ఇక్కడి ఆజ్ఞ "రూపాంతరము పొందుడి" అన్నది ఒక్కటే. ఎలా పొందాలి? మనస్సు మారి నూతనమగుటవలన. ఎందుకు పొందాలి? దేవుని చిత్తమేదో తెలిసికొనునట్లు. పౌలు రాసిన గ్రీకు వాక్యంలో ఈ ప్రయోజనం చివర వస్తుంది. అనువాదకులు మన వాక్య పద్ధతికి తగినట్లు దాన్ని ముందుకు జరిపారు. అందులో తప్పు పట్టవలసింది లేదు. చదివేటప్పుడే చిక్కు వస్తుంది. ప్రసంగ వేదిక మీద చాలామంది "పరీక్షించి తెలిసికొనునట్లు" దాకా ఊపుగా చదివి, ఊపిరి తీసుకుని, మిగిలినది తగ్గు గొంతుతో ముగిస్తారు. దేవుని చిత్తం తెలుసుకోవడం మొదటి పని, మనస్సు మారడం ఆ తర్వాతి సంగతి అన్నట్లు వినేవారికి తోస్తుంది. పౌలు చెప్పిన వరుస దీనికి తలకిందులు. మనస్సు కొత్తదైన వాడికే ఆ చిత్తాన్ని పోల్చుకునే చూపు వస్తుంది.

"పొందుడి" అన్న క్రియను కూడా గమనించండి. "మార్చుకొనుడి" అనలేదు. గ్రీకులో అది కర్మణి రూపం, పైగా కొనసాగే పనిని చెప్పే రూపం. నేటి తెలుగులో విప్పితే "మార్పు పొందుతూ ఉండండి" అవుతుంది. కొండమీద యేసు రూపు వెలిగిపోయిన ఘట్టంలో మత్తయి 17:2 వాడిన క్రియ ఇదే. మన అనువాదకులు అక్కడ కూడా "రూపాంతరము పొందెను" అనే రాసి రెండు చోట్లనూ కలిపి ఉంచారు. ఆ జాగ్రత్తకు వారిని మెచ్చుకోవాలి.

"చిత్తమేదో" అన్నచోట ఈ తరం పాఠకులు మరోలా తడబడుతున్నారు. "ఏదో ఒకటి" అన్నప్పటి అనిశ్చయం ఇందులో లేదు. ఇది "ఏది" మీద "ఓ" చేరిన పరోక్ష ప్రశ్న, "ఎవరు వచ్చారో చూడు" అన్నప్పటి "ఓ" వంటిది. దేవుని చిత్తం ఏది అన్న ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలని దీని భావం.

మర్యాద సంగతికి వస్తే, సంస్కృతంలో ఆ మాటకు మొదటి అర్థం హద్దు. సముద్రం మర్యాద దాటదు అంటే చెలియలికట్ట దాటదని. హద్దు నుంచి కట్టుబాటు, కట్టుబాటు నుంచి ఆచారం, నడవడి, ఆఖరికి ఇంటికి వచ్చినవారికి కుర్చీ వేసి మంచినీళ్లివ్వడం దాకా అర్థం జరిగింది. ఆ చివరి అర్థమే మనకు ఎక్కువగా వాడుకలో మిగిలింది. అనువాదకులు రాసింది లోకం నడిచే తీరు అన్న అర్థంలో. గ్రీకు మూలంలో "లోకం" ఉన్నచోట కాలాన్ని, యుగాన్ని చెప్పే మాట ఉంది. కనుక "యుగధర్మం" అంటే ఇంకా దగ్గరగా ఉండేదని నా అభిప్రాయం. పెద్దలకు నమస్కరించడం మానమని పౌలు చెప్పలేదు.

మీరు అడగని మాట ఒకటి ఇంకా పెద్ద చిక్కు తెస్తోంది. అది "అనుకూలము". నేడు అనుకూలమంటే మనకు వీలుగా ఉండేది. ఈ వచనాన్ని ఆ అర్థంతో చదివితే, జీతం బాగుండి ఇంటికి దగ్గరగా ఉన్న ఉద్యోగమే దేవుని చిత్తమని తేలిపోతుంది! ఒక్క వచనం వెనక్కి వెళ్లండి. "దేవునికి అనుకూలమునైన సజీవ యాగముగా" అని స్పష్టంగా ఉంది. రెండు చోట్లా మూలపదం ఒకటే, ఎవరికి అనుకూలమో రెండోసారి చెప్పలేదంతే. యాగమై పోవలసినవాడి సౌకర్యం సంగతి ఆ వచనంలో ఎక్కడా లేదు.

ఇక అసలు మాట, చిత్తం. దీనికి మొదటి అర్థం మనస్సు. మన జనగామ దగ్గరి బమ్మెరకు చెందిన పోతన ప్రహ్లాదుడి చేత పలికించిన "చిత్తమేరీతి నితరంబుఁ జేరనేర్చు" బడిలో చదువుకున్నదే. అక్కడ చిత్తం భక్తుడి మనస్సు. తెలుగు బైబిలులోనూ ఈ అర్థం ఉంది. ఎఫెసీ 4:23లో "మీ చిత్తవృత్తియందు నూతనపరచబడినవారై" అన్నారు. చిత్తవృత్తి అనగానే పండితుల చెవికి యోగసూత్రం తగులుతుంది. అక్కడ ఆ వృత్తిని నిరోధించమన్నారు, ఇక్కడ అది కొత్తదవ్వాలి అన్నారు.

రెండో అర్థం దొరల కొలువులో పుట్టింది. పెద్దవాడి మనసులో ఏముందో అదే చిన్నవాడికి ఆజ్ఞ. "తమ చిత్తం, మా భాగ్యం" అన్న జాతీయం, "చిత్తం" అని చేతులు కట్టుకోవడం, ఉత్తరాల చివర "చిత్తగించవలెను" అని రాయడం, అన్నీ ఈ కొలువు సొత్తే. లూకా 22:42లో యేసు తండ్రియైన దేవునితో అన్న మాట చూడండి: "నా యిష్టముకాదు, నీ చిత్తమే సిద్ధించును గాక." గ్రీకులో ఆ రెండింటికీ కలిపి ఒకే నామవాచకం ఉంది. "నాది కాదు, నీదే" అన్నట్లు సాగుతుంది. తెలుగువారు దాన్ని రెండుగా చీల్చి కొడుకుకు ఇష్టం, తండ్రికి చిత్తం ఇచ్చారు. మన భాషలోని గౌరవ భేదమే ఆ పని చేయించింది. ఈ విషయంలో శాఖాభేదం కూడా లేదు. కాజీపేట ఫాతిమా కేథడ్రల్‌లో కథోలికులు "మీ చిత్తము" అని ప్రార్థిస్తారు, డోర్నకల్ కేథడ్రల్‌లో "నీ చిత్తము" అంటారు. ఒక జంక్షన్‌లో రైలెక్కి మరో జంక్షన్‌లో దిగేలోగా దేవుడు "మీరు" నుంచి "నీవు"కు మారతాడు గానీ చిత్తం మాత్రం చెక్కు చెదరదు.

మీ ఇంట్లోవారు వాడే అర్థం మూడోది. దానికి నిఘంటువులో చోటు లేకున్నా వాడుకలో బలం ఉంది. "అంతా తలరాత" అన్న పాత వాక్యంలో తలరాతను తీసి ఆ స్థానంలో చిత్తాన్ని పెట్టారు. మాట బాప్తిస్మం పుచ్చుకుంది, భావం పాత ఇంట్లోనే ఉండిపోయింది. రాత అన్నది ముందే రాసి ఉంటుంది. దాన్ని చెరపలేము, చదవనూ లేము, కనుక పరీక్షించే పనే రాదు. మీ సందేహం పుట్టింది ఇక్కడే. అయితే మీవాళ్లను పూర్తిగా తప్పు పట్టనివ్వను. అపొస్తలుల కార్యములు 21:14లో "ప్రభువు చిత్తము జరుగునుగాక" అని "ఊరకుంటిమి" అన్న మాటే ఉంది. కానీ వారు ఆ మాట ఎప్పుడన్నారు? యెరూషలేముకు వెళ్లవద్దని పౌలును బతిమాలి, ఏడ్చి, అతడు వినకపోయాక అన్నారు. సరిగ్గా చదవక పరీక్ష తప్పినవాడు వెంటనే అనే మాటకూ దీనికీ చాలా దూరం ఉంది.

"పరీక్షించి" అన్నచోట గ్రీకు క్రియ లోహాన్ని, నాణేన్ని మేలో కల్తీయో తేల్చడానికి వాడినది. తేల్చి, మేలైతే ఒప్పుకోవడం దాకా ఆ క్రియలోనే ఉంది. తెలుగులో దీనికి చక్కని మాట ఒరయడం. ఒరసి చూసే రాయి ఒరగల్లు, అంటే గీటురాయి. (మన ఓరుగల్లుకు దీనితో చుట్టరికం లేదు. అది ఒంటిరాయి, ఏకశిలానగరం. చెవికి దగ్గరగా ఉన్నాయి కదా అని కలిపేయవద్దు.) 1 థెస్సలొనీకయులకు 5:21లో "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నదీ ఈ క్రియే. మీరు చదివిన "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్న మత్తయి 4:7లో మూలక్రియ వేరు. తెలుగులోనూ అక్కడ "శోధించు" అని వేరుగానే ఉంచారు. కనుక రెంటికీ పేచీ లేదు. అయితే శోధన ఎప్పుడూ చెడ్డదే అని సూత్రం చేయకండి. మలాకీ 3:10లో "నన్ను శోధించినయెడల" అని దేవుడే పిలుస్తాడు. రోమా పత్రికలో ఒరసి చూసుకోవలసింది మన ముందున్న దారుల్ని, వాటిని కోరుతున్న మన మనస్సుని. దేవుణ్ణి కాదు.

"సంకల్పం" వేస్తే చిక్కు తీరదు. రోమా 8:28లో "ఆయన సంకల్పముచొప్పున పిలువబడినవారికి" అని ఆ మాటను ముందే వేరే మూలపదానికి కేటాయించారు. అది దేవుడు ముందుగా నిర్ణయించుకున్న ఉద్దేశం. రెండింటినీ కలిపేస్తే తలరాత దొడ్డిదారిన మళ్లీ లోపలికి వస్తుంది. "ఇష్టం" కొంత నయం, నేటి వాడుక భాషకు తగినది. కానీ తండ్రి చిత్తానికీ కొడుకు ఇష్టానికీ మధ్య లూకాలో చూసిన తేడా అందులో కలిసిపోతుంది. చిత్తాన్నే ఉంచుకోండి. "దేవుని చిత్తం అంతే" అనే బదులు "దేవుని చిత్తమేదో తెలుసుకుంటున్నాను" అనండి. జరగబోయేదాని గురించి చెప్పేటప్పుడు యాకోబు 4:15లోని "ప్రభువు చిత్తమైతే" ఎలాగూ ఉంది.

పెళ్లి పత్రిక విషయం తేలిక. చిత్త, అనుసారము కలిస్తే సవర్ణదీర్ఘ సంధిలో "చిత్తానుసారము". "చిత్తానుసారముగా" అన్నది ఒకే మాట. కూర్పు చేసేవారు వరుస నిండక మధ్యలో ఖాళీ వదిలితే "చిత్తాను" అనే లేని మాటా, సంబంధం లేని "సారమూ" మిగులుతాయి. ప్రూఫు చూసేటప్పుడే కలిపించండి. విడదీయక తప్పకపోతే "చిత్తము ననుసరించి" అని రాయించండి.