యాంటీవైరస్‌ని తీసేయబోయే ముందు

చిరంజీవి అల్లుడికి,

కడప నుంచి మామయ్య ఆశీస్సులు. అక్కా బావా బాగున్నారని తలుస్తాను.

కంప్యూటర్ నెమ్మదించింది, యాంటీవైరస్ తీసేయనా అని రాత్రి ఫోన్‌లో అడిగావు కదా, దానికి జవాబు ముందే చెప్పేస్తాను. యాంటీవైరస్ తీసేయొద్దు, కనీసం ఇప్పుడే వద్దు. 20వ తేదీ దగ్గర పడుతుంటే, జీఎస్టీఆర్-3బి అనే నెలవారీ జీఎస్టీ రిటర్న్ వేయాల్సిన షాపుల లెక్కలన్నీ నీ నెత్తిన ఉంటే, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు అన్నట్టుంటే, ఎవరికైనా దాన్ని పీకి పారేయాలనే అనిపిస్తుంది. కానీ ఆ కంప్యూటర్‌లో ఉన్నవి ప్రొద్దుటూరు బట్టల షాపుల వాళ్ల పాస్‌వర్డ్‌లు, బ్యాంకు లాగిన్‌లు. అవి నీ సొత్తు కాదు. కాపలా తీసేసే హక్కు నీకెక్కడిది?

దీనికోసం నేను బస్సెక్కి రానక్కర్లేదు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నా. పక్కన పెట్టుకుని చెయ్యి.

మొదట కంప్యూటర్ రీస్టార్ట్ చేసి ఓ పది నిమిషాలు దాన్ని ముట్టుకోకు. ఆన్ అయిన వెంటనే విండోస్ అప్‌డేట్లు వెతుక్కుంటుంది, యాంటీవైరస్ కొత్త వైరస్‌ల జాబితా దించుకుంటుంది. ఆ కాసేపట్లో చూసి నిర్ణయానికి రాకూడదు. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరుసలుంటాయి. 'డిస్క్' అనే మాట మీద నొక్కితే డిస్క్‌ని ఎక్కువగా వాడుతున్నవి పైకొస్తాయి. పైన ఏముందో, ఎంత శాతం చూపిస్తోందో ఫోన్‌తో ఫోటో తీసుకో. ట్యాలీ తెరుస్తూ ఇంకొకటి తియ్యి. ఈ రెండు ఫోటోలు చూడకుండా తప్పెవరిదో చెప్పే మెకానిక్‌ని నమ్మొద్దు, అది నేనైనా సరే.

'యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' అనే పేరు పైన కనిపిస్తే కంగారుపడకు. అది వైరస్ కాదు, విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్. దాని మీద 'ఎండ్ టాస్క్' నొక్కినా వినదు, వినకుండానే తయారుచేశారు. అది సీపీయూని గట్టిగా వాడుతుంటే ఏదో స్కాన్ నడుస్తోందని అర్థం, అయిపోయాక తగ్గుతుంది. డిస్క్ 100 శాతం చూపిస్తూ, పక్కన అంకె మాత్రం సెకనుకు ఒకటో రెండో ఎంబీలే ఉంటే కథ వేరు. దాని సంగతి చివర్లో చెబుతాను. మెమరీ 90 దాటి ఉంటే, 4 జీబీ ర్యామ్‌తో క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిచి పెట్టుకున్నావన్నమాట. అది నువ్వే సరిచేసుకోగలవు.

యాంటీవైరస్ వల్ల ఎందుకు నెమ్మదిస్తుందో తెలిస్తే మిగతాదంతా తేలిక. నువ్వు ఏ ఫైలు తెరిచినా, అది నీ చేతికొచ్చే ముందు యాంటీవైరస్ ఆపి చూస్తుంది. పెద్ద ఫైలు ఒకటైతే పెద్దగా తెలీదు. ట్యాలీ కంపెనీ డేటాలో ఫైళ్లు బోలెడు, పని జరుగుతున్నంతసేపూ వాటిని చదవడం, రాయడం జరుగుతూనే ఉంటుంది. ప్రతిసారీ ఒక తనిఖీ. ఒక్క యాంటీవైరస్ ఉంటే ఈ ఆలస్యం భరించగలిగేదే. నీ కంప్యూటర్‌లో ఒకటే ఉందా అనేదే నా అనుమానం.

కొన్నప్పుడు ట్రయల్‌గా ఒకటి వచ్చి ఉంటుంది. షాపువాడు ఇంకొకటి వేసి ఉంటాడు. బయటి యాంటీవైరస్ వస్తే డిఫెండర్ తనంతట తాను తప్పుకుంటుంది, ఆ మర్యాద దానికుంది. బయటివి రెండు పడితే మాత్రం ఏదీ తప్పుకోదు. ఒకే గేటుకు ఇద్దరు వాచ్‌మన్లను పెట్టినట్టే. వచ్చినవాడి సంచి మొదటివాడు వెతుకుతాడు, సంచిలో చెయ్యి పెట్టాడని రెండోవాడు మొదటివాణ్ణే పట్టుకుంటాడు. వచ్చినవాడు ఎండలో నిలబడి ఉంటాడు. విండోస్ సెక్యూరిటీ తెరిచి, కింద సెట్టింగ్స్‌లో 'మేనేజ్ ప్రొవైడర్స్' నొక్కు. యాంటీవైరస్ కింద ఎన్ని పేర్లున్నాయో, ఏది ఆన్‌లో ఉందో అక్కడ కనిపిస్తుంది.

రెండు కనిపిస్తే గడువు తీరినదాన్ని తీసెయ్యి. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చెయ్యి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లోకి వెళ్లి ఫోల్డర్ డిలీట్ చేస్తే పోదు, ముక్కలు మిగిలి ఇంకా ఇబ్బంది పెడుతుంది. మామూలుగా తీసినా కొన్ని పూర్తిగా పోవు. అందుకే పేరున్న కంపెనీలు చాలావరకు తమ యాంటీవైరస్‌ని శుభ్రంగా తీయడానికి విడిగా ఒక టూల్ ఇస్తాయి. దాన్ని ఆ కంపెనీ సొంత సైట్ నుంచే దించుకో. గూగుల్‌లో పైన ప్రకటనగా వచ్చే లింకు జోలికి పోవద్దు. డబ్బు కట్టినదైతే లైసెన్స్ కీ ముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకో. అన్నీ తీసేస్తే డిఫెండర్ మళ్లీ పనిలోకి వస్తుంది. వచ్చిందో లేదో విండోస్ సెక్యూరిటీలో ఆకుపచ్చ టిక్ చూసి ఖాయం చేసుకో.

కొనాలా వద్దా అని కూడా అడిగావు. ఇంట్లో ఒక్క కంప్యూటర్, అప్‌డేట్లు ఆగకుండా పడుతున్న విండోస్, దొంగ సాఫ్ట్‌వేర్ జోలికి పోని మనిషి ఉంటే డిఫెండర్ చాలు. ఇది నా అభిప్రాయం. యాంటీవైరస్ అమ్ముకునేవాళ్లు ఒప్పుకోరు. ఇప్పటికే కొని ఉంటే గడువు అయ్యేదాకా వాడుకో, కానీ దాంతో వచ్చిన అదనపు సరుకు ఆపెయ్యి. ట్యూనప్ అంటారు, విపిఎన్ అంటారు, బ్రౌజర్‌లో ఒక ఎక్స్‌టెన్షన్ దూరుస్తారు. బరువులో కొంత వీటిదే. కంప్యూటర్‌ని వేగం చేస్తామని వచ్చే క్లీనర్లు, బూస్టర్లు ఏవున్నా నిర్దాక్షిణ్యంగా తీసెయ్యి.

ఇక స్కాన్ టైము. నువ్వు రాత్రి కంప్యూటర్ ఆపేస్తావు. రాత్రి రెండింటికి జరగాల్సిన స్కాన్ కొన్ని యాంటీవైరస్‌లలో పొద్దున నువ్వు ఆన్ చేయగానే మొదలవుతుంది. సరిగ్గా నువ్వు పనికి కూర్చునే వేళకి! బయటి యాంటీవైరస్ అయితే దాని సెట్టింగ్స్‌లోనే ఏ రోజు, ఏ టైముకి అనేది మార్చుకోవచ్చు. ఆదివారం మధ్యాహ్నం, నువ్వు భోంచేసి పడుకునే వేళ పెట్టు. డిఫెండర్‌ది మార్చాలంటే టాస్క్ షెడ్యూలర్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్ అని వరుసగా తెరుచుకుంటూ వెళ్తే షెడ్యూల్డ్ స్కాన్ అని ఉంటుంది. దాని ట్రిగ్గర్స్‌లో టైము పెట్టు. రోజూ కంప్యూటరంతా వెతికే ఫుల్ స్కాన్ అక్కర్లేదు, ముఖ్యమైన చోట్లే చూసే క్విక్ స్కాన్ చాలు. అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1 వేసే 11వ తేదీ, 3బి వేసే 20వ తేదీ మాత్రం ఫుల్ స్కాన్ నడపకు.

ట్యాలీ అప్పటికీ మొండికేస్తే ఎక్స్‌క్లూజన్ పెట్టుకోవచ్చు. 'ఈ ఫోల్డర్‌ని చూడొద్దు' అని యాంటీవైరస్‌కి చెప్పడం. డిఫెండర్‌లో 'వైరస్ అండ్ త్రెట్ ప్రొటెక్షన్', 'మేనేజ్ సెట్టింగ్స్', అక్కడ అడుగున ఎక్స్‌క్లూజన్స్. ట్యాలీ డేటా ఫోల్డర్ ఒక్కటే ఇవ్వు. మీ ఫ్రెండ్ ఎవరో సి డ్రైవ్ మొత్తం ఇచ్చెయ్యమన్నాడని చెప్పావు చూడు, అతను నీ మేలు కోరేవాడే అయ్యుండొచ్చు, ఆ సలహా మాత్రం వినకు. డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, పెన్‌డ్రైవ్‌లు అసలే వద్దు, వైరస్‌లు వచ్చే దారులే అవి. ఎక్స్‌క్లూజన్ ఇచ్చిన ఫోల్డర్‌లో ట్యాలీ డేటా తప్ప వేరే కాగితం ముక్క కూడా పెట్టకు. ఆ డేటాని వారానికోసారి బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, కేబుల్ పీకి బీరువాలో పెట్టు. డేటాకి తాళమేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ వస్తే, తగిలించి ఉన్న డిస్క్‌ని కూడా వదలదు.

పెన్‌డ్రైవ్ అంటే గుర్తొచ్చింది. షాపులవాళ్లు బిల్లుల డేటా జిరాక్స్ షాపులన్నీ తిప్పిన పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తారు. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి కనిపిస్తే దేన్నీ నొక్కకు. అసలు ఫైళ్లు మామూలుగా లోపలే దాగి ఉంటాయి, పోవు. ముందు డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చెయ్యి. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపించమని వాళ్లకి అలవాటు చేస్తే ఇంకా మంచిది.

కుడిపక్క మూలన ఎర్రగా 'మీ కంప్యూటర్‌లో వైరస్‌లున్నాయి, మీ లైసెన్స్ అయిపోయింది' అని వస్తోందన్నావే, నువ్వు చెప్పిన తీరు చూస్తే అది యాంటీవైరస్ మాట కాదు. ఏదో సైట్ నోటిఫికేషన్లు పంపుకుంటానంటే ఎప్పుడో 'అలో' నొక్కి ఉంటావు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి ముక్కూముఖం తెలియని సైట్లన్నీ తీసెయ్యి. అందులో ఫోన్ నంబరుంటే చేయొద్దు. నీ కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ యాప్ వేసుకోమన్నవాడు ఎంత మర్యాదగా మాట్లాడినా ఫోన్ పెట్టెయ్యి. పొరపాటున డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

క్రాక్ సాఫ్ట్‌వేర్, అంటే లైసెన్స్ తాళం విరగ్గొట్టిన దొంగ సాఫ్ట్‌వేర్ గురించి ఒకే మాట. 'ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆపండి' అని ఏది చెప్పినా, దాన్ని మన ఇంట్లోకి రానివ్వకు.

ఇక డిస్క్ సంగతి. ఇవన్నీ చేశాక కూడా డిస్క్ 100 దగ్గరే కొట్టుకుంటుంటే, హార్డ్‌డిస్కే ముసలిదైపోయి ఉండొచ్చు. పాతకాలపు హార్డ్‌డిస్క్‌లో లోపల పళ్లెం తిరుగుతుంది, సూది ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కదలాలి. చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో చదవమంటే చతికిలబడుతుంది. యాంటీవైరస్ అడిగేది అదే పని. ఎస్ఎస్‌డి అనే కొత్తరకం డిస్క్‌లో కదిలే భాగం లేదు. అది వేస్తే నువ్వు యాంటీవైరస్ ఊసే ఎత్తవు. నన్నడిగితే యాంటీవైరస్‌కి ఏటేటా కట్టే డబ్బు దీనికి పెట్టడం మేలు. క్యాబినెట్ ఫ్యాన్‌లో దుమ్ము కూడా చూడు. మన ఎండలకి లోపల వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇంకా విండోస్ 10లోనే ఉంటే, మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. కాబట్టి కొత్త డిస్క్ వేసేటప్పుడే ఆ మిషన్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో కూడా చూసుకుందాం.

20 దాటాక రా. క్యాబినెట్ ఒక్కటే తీసుకురా, మానిటర్, కీబోర్డ్ ఇక్కడున్నాయి. బ్యాకప్ తీసిన హార్డ్‌డిస్క్ మాత్రం ఇంట్లోనే పెట్టి రా, రెండూ ఒకే సంచిలో బస్సెక్కించకు. ఆ రెండు ఫోటోలు ఈ రాత్రికే పంపు.

ఆశీస్సులతో,
మామయ్య